సర్టిఫికెట్ ఎవరి పేరున?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సంతలో చింతపండు గంప బోర్లించడానికి రెండు క్షణాలు చాలు. చింతపండు దిగే రోజుల్లో తోకాపాల్‌లోనో దర్భాలోనో సంత నాటి పొద్దున నిలబడితే ఇదే మళ్ళీమళ్ళీ కనబడుతుంది. కావళ్ళతో మగవాళ్ళు, నెత్తిన గంపలతో ఆడవాళ్ళు రోడ్డు వారన నడిచి వస్తారు. సంత మొదట్లోనే కోచియా కాటా పెట్టుకుని కూర్చుంటాడు. ఊళ్ళ సరుకు పోగుచేసే చిన్న దళారిని అక్కడ అలా పిలుస్తారు. గంప తూస్తాడు, నోట్లు లెక్కపెడతాడు, వెనకున్న టార్పాలిన్ మీద గంప బోర్లిస్తాడు. అక్కడ అప్పటికే నాలుగైదు ఊళ్ళ పండు పోగై ఉంటుంది. ఆ కుప్పలో పడ్డ క్షణాన ఆ పండు సేంద్రియం కాకుండా పోతుంది.

పండులో ఏ మార్పూ రాలేదు. పులుపు అదే, రంగు అదే. ఆ చెట్టుకి ఎరువు వేసినవాడు లేడు, మందు కొట్టినవాడు లేడు. పోయిందల్లా ఒక్కటే, ఇది ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళ చెట్టుది అని చెప్పే వీలు. ఎగుమతి చట్టాల లెక్కలో ఆ వీలు పేరే సేంద్రియం.

సేంద్రియం మీద మన పత్రికల్లో వచ్చే రాతలు చాలావరకు మందుల్లేని సేద్యం గొప్పతనం దగ్గర మొదలై అక్కడే ఆగుతాయి. బస్తరు విషయంలో ఆ వాదన ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు. అడవి చింత, ఇప్ప, సారపప్పు, కరక్కాయ, తానికాయ, కొండవాలు సామలు, అరికెలు, వీటిలో చాలావాటికి రసాయనం అంటనేలేదు. మరి వాటిలో ఎంత సరుకు సేంద్రియం పేరుతో ఓడెక్కుతోంది అంటే, అడవిని చూస్తే ఉండాల్సినంత లేదు. ఈ తేడా ఎక్కడ పుడుతోందో వెతికితే చివరికి ఒక చిన్న ప్రశ్న దగ్గర తేలుతాం. సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంది?

ముందు చట్టం సంగతి. మన దేశంలో సేంద్రియ ఎగుమతులకు మూలం జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, వాడుకలో ఎన్‌పీఓపీ. దీన్ని తెచ్చింది వ్యవసాయ శాఖ కాదు, వాణిజ్య శాఖ. విదేశీ వాణిజ్య చట్టం నీడలో 2001 నుంచి నడుస్తోంది. నిర్వహణ ఆ శాఖ కింది ఎగుమతుల సంస్థ అపెడా చేతిలో ఉంది. అపెడా తనంతట తాను పొలాలకు వెళ్ళదు. జాతీయ గుర్తింపు మండలి కొన్ని సంస్థలకు అనుమతి ఇస్తుంది, ఆ సంస్థలు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తాయి. ఆలువాలో ఇండోసర్ట్, తిరువల్లలో లాకాన్ ఇలాంటివే. తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాలు కూడా ఈ పనికి సొంత ప్రభుత్వ సంస్థలు పెట్టుకున్నాయి. ఛత్తీస్‌గఢ్‌కి రాయ్‌పూర్‌లో సీజీసర్ట్ ఉంది.

సర్టిఫికెట్లు రెండు రకాలని చాలామందికి తెలియదు, రైతులకైతే బొత్తిగా తెలియదు. మొదటిది భూమికో గుంపుకో ఇచ్చేది, ఏడాదికోసారి తిరగరాసుకునేది. రెండోది లావాదేవీ సర్టిఫికెట్. సరుకు చేతులు మారిన ప్రతిసారీ, ఫలానా గుంపు నుంచి ఇన్ని టన్నులు ఫలానా వ్యాపారికి వెళ్ళాయని విడిగా పుట్టే కాగితం. 2010 నుంచి ఇదంతా ట్రేస్‌నెట్ అనే ఆన్‌లైన్ ఖాతాలో నడుస్తోంది. ఒక గుంపు ఎకరాలను బట్టి ఎంత దిగుబడి రావచ్చో ముందే అందులో ఎక్కిస్తారు. అమ్మినకొద్దీ ఆ అంకె తగ్గుతూ పోతుంది. బ్యాంకు పాసుపుస్తకంలాగే, ఉన్నదానికంటే ఎక్కువ తీయడానికి వీల్లేదు. కాగితం మీద ఇది పకడ్బందీ ఏర్పాటే. అయినా 2020లో సేంద్రియ పత్తి వస్త్రాల అంతర్జాతీయ ప్రమాణ సంస్థ గోట్స్ మన దేశంలో 20 వేల టన్నుల ముడి పత్తికి సంబంధించిన దొంగ లావాదేవీ సర్టిఫికెట్లను పట్టుకుని 11 కంపెనీలను వెలివేసింది. అసలు ప్రభుత్వ వెబ్‌సైట్‌ని పోలిన దొంగ వెబ్‌సైట్ కూడా అందులో బయటపడింది. పాసుపుస్తకం ఎంత గట్టిదైనా పక్కనే నకిలీ బ్యాంకు తెరిచేవాడుంటాడు మరి.

పరాయి దేశాల సంగతికి వస్తే, ఒకప్పుడు పని ఇంత చిక్కు కాదు. 2006లో ఐరోపా సంఘం మన ఎన్‌పీఓపీని తమ నియమాలతో సమానమని ఒప్పుకుంది, స్విట్జర్లాండ్ కూడా గుర్తించింది. అదే ఏడు అమెరికా వ్యవసాయ శాఖ, మన మండలి అనుమతించిన సంస్థలు తమ ప్రమాణాల ప్రకారం సర్టిఫికెట్ ఇస్తే చెల్లుతుందని అంగీకరించింది. ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాయి. 2021 జనవరిలో అమెరికా ఆ అంగీకారాన్ని రద్దు చేసింది. 2022 జులై దాటాక, అమెరికా తానే నేరుగా గుర్తించిన సంస్థ సర్టిఫికెట్ ఉంటే తప్ప సరుకు తీసుకోవడం మానేసింది. 2024 మార్చి 19 నుంచి ఇంకో మెట్టు పైకి వెళ్ళి, దిగుమతయ్యే ప్రతి సరుకుకీ విడిగా ఎలక్ట్రానిక్ దిగుమతి సర్టిఫికెట్ ఉండాల్సిందేనంది.

ఐరోపా కథ నువ్వులతో మొదలైంది. 2020 సెప్టెంబరులో బెల్జియంలో మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడింది. అది చేలో కొట్టే మందు కాదు, గోదాములో క్రిములను చంపడానికి వదిలే వాయువు. సేంద్రియం అని రాసిన నువ్వుల్లోనూ అదే కనబడింది. దాంతో 2022 మొదలయ్యేసరికి మన దేశంలో పనిచేసే ఐదు సర్టిఫికెట్ సంస్థలకు ఐరోపా గుర్తింపు పోయింది. ఐరోపాకి సేంద్రియ సరుకు పంపాలంటే ఓడ కదలకముందే వాళ్ళ ట్రేసెస్ వ్యవస్థలో తనిఖీ సర్టిఫికెట్ పుట్టాలి. ఎన్‌పీఓపీకి ఇప్పుడున్న సమానత్వం కూడా ప్రాసెస్ చేయని మొక్కల ఉత్పత్తులకే. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన వాళ్ళ కొత్త చట్టంలో ఇలాంటి పాత గుర్తింపులకు రాసుకున్న గడువు 2026 డిసెంబరు 31.

దీని ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2020-21లో మన సేంద్రియ ఎగుమతులు 8.88 లక్షల టన్నులు, విలువ 104 కోట్ల డాలర్లు. 2023-24 నాటికి అవి 2.61 లక్షల టన్నులకు, 49 కోట్ల డాలర్లకు పడిపోయాయి. సేంద్రియ సోయా పిండి మీద అమెరికా వేసిన అదనపు సుంకాల దెబ్బ కూడా ఇందులో ఉంది. 2024-25లో 66.6 కోట్ల డాలర్లకు తేరుకున్నాయి. పాత శిఖరం ఇంకా అందలేదు.

ఈ గొడవంతా ముంబయి గోదాములదీ గుజరాత్ నువ్వులదీ, బస్తరుకి దీనితో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. ఎక్కడో జరిగిన మోసానికి వేసిన తాళం మోసం చేయనివాడి ఇంటికీ పడుతుంది. నిబంధన బిగుసుకున్న ప్రతిసారీ కాగితం బరువు పెరుగుతుంది. ఆ బరువు పెద్ద కంపెనీకి ఒక ఉద్యోగి జీతంతో తీరిపోతుంది, పది గంపల చింతపండు ఇంటికి అసలు మోయడానికే వీలుకాదు.

ఇప్పుడు చింతచెట్టు దగ్గరికి వద్దాం. బస్తరులో చింత చాలాచోట్ల నట్టడవిలో ఉండదు. ఇంటి పెరట్లో, చేను గట్టున, ఊరి మధ్య రచ్చ దగ్గర ఉంటుంది. తాత నాటాడో కాకి నాటిందో ఎవరికీ తెలియదు. చెట్టు ఎవరిదో మాత్రం ఊరందరికీ తెలుసు. నియమావళిలో రెండు గదులున్నాయి. ఒకటి సాగు, బహువార్షిక పంట అయితే మొదటి కోతకు ముందు మూడేళ్ళు మార్పిడి కాలం గడవాలి. రెండోది అడవి సేకరణ, దీనికి మార్పిడి కాలం లేదు. ఆ ప్రాంతానికి మూడేళ్ళుగా నిషిద్ధ రసాయనం తగల్లేదని రుజువు, సేకరించే చోటు హద్దులు చూపే పటం, ఏరేవాళ్ళ జాబితా, చెట్టుకి చేటు రాకుండా ఏరుతున్నారన్న ఆధారం ఉంటే చాలు. మరి పెరట్లో చింత ఏ గదిలోకి వెళ్తుంది? సాగు అంటే పట్టా అడుగుతారు, అటవీ హక్కుల చట్టం కింద పట్టా రాని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అడవి అంటే అటవీ శాఖ పటంలో ఆ పెరడు ఉండదు. చెట్టు మాత్రం రెండు వైపులా కొమ్మలు చాచి ఏటా కాస్తూనే ఉంటుంది.

ఇప్పపువ్వుది మరో రకం చిక్కు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల మధ్య దాన్ని ఏరడం నడుము విరిగే పని. అందుకే పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకుకి నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకోవడం తరాల అలవాటు. అందులో ఒక్క చుక్క రసాయనం లేదు. సేకరణ వల్ల ఆ నేల, ఆ జీవజాలం దెబ్బతినకూడదన్న నిబంధన ముందు మాత్రం ఆ బూడిదే నేరం అవుతుంది. ఇది అన్యాయమైన నిబంధన అని నేననను, ఆ నిప్పు చాలాసార్లు చెట్టు కింద ఆగదు. దీనికి మందు కూడా దొరికింది. చెట్టు కింద వల కట్టి, పువ్వు నేలకు తగలకుండా పట్టి ఆరబెట్టడం. 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఎండిన ఇప్పపువ్వు ఓడలో ఫ్రాన్స్‌కి వెళ్ళింది. ఆ సరుకు కోర్బా వైపు అడవులది, బస్తరుది కాదు. వలల పద్ధతి మాత్రం తర్వాత బస్తరుకీ వచ్చింది. వలకి డబ్బు కావాలి, కాపలా కావాలి, ఆరబెట్టే మంచెలు కావాలి. వల పువ్వుకి ఎక్కువ ధర ఇచ్చి కొనేవాడు ముందు దొరికితేనే వల కట్టే ఇల్లు దొరుకుతుంది.

పరీక్షశాల దగ్గర ఇంకో ముప్పు ఉంది, దాన్ని ఎవరూ అడవిలో వెతకరు. బస్తరు మలేరియా సీమ. ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ఇంటి గోడల మీద లోపలి వైపు డీడీటీయో, సింథటిక్ పైరిథ్రాయిడో కొట్టి పోతారు. 2020లో మొదలైన మలేరియా రహిత బస్తరు కార్యక్రమంలో మందు పూసిన దోమతెరలు ఇంటింటికీ చేరాయి. ప్రాణాలు కాపాడే పనులివి, వద్దనే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే చింతపండు ఒలిచి గింజ తీసేదీ ఆ గోడ పక్కనే, బుట్టలకెత్తి వానాకాలం దాకా దాచేదీ ఆ గదిలోనే. ఐరోపాలో విడిగా హద్దు రాయని పురుగుమందు అవశేషానికి మామూలు హద్దు కిలోకి 0.01 మిల్లీగ్రాము. ఇంకోలా చెప్పాలంటే నూరు టన్నుల సరుకులో ఒక గ్రాము. ఇల్లే గోదాము అయినచోట ఆ గ్రాము ఎక్కడినుంచి వచ్చిందో హాంబర్గ్ పరీక్షశాలకి ఎలా చెప్పాలి? చెట్టు దగ్గర ఎన్ని తనిఖీలు చేసినా ఇది దొరకదు. ఊరికి ఒక సామూహిక గిడ్డంగి ఉంటే ఈ చిక్కు సగం తీరుతుంది. ధ్రువీకరణ ఖర్చుల పద్దులో మాత్రం గిడ్డంగి ఉండదు.

దంతెవాడలో నీళ్ళ రంగు చూసినవాళ్ళకి మరో సంగతి తడుతుంది. ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయ వంశపు అన్నమదేవుడి వెంట అమ్మవారు నడిచి వచ్చిందని చెప్పుకునే దంతేశ్వరి గుడి అక్కడే, శంఖిని డంకిని నదులు కలిసేచోట ఉంది. పైన బైలదిల్లా కొండల్లో 1968 నుంచి ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వుతోంది. ఆ ఎర్రమట్టి ఏళ్ళ తరబడి ఆ నదుల్లో పారింది. అడవి సేకరణకి ఎంచుకునే చోటు కాలుష్యానికి దూరంగా ఉండాలన్నది నియమం. ఖనిజం ఎక్కిన కిరండూల్ కొత్తవలస రైలు మాత్రం అనంతగిరి సొరంగాల గుండా విశాఖ రేవుకి దిగిపోతుంది. ఇనుపరాయి కొనేవాడు ఇనుము శాతం అడుగుతాడు. అదే కొండ కింద ఇప్పపువ్వు ఏరేవాడిని ఊరు, చెట్టు, ఇల్లు, నీళ్ళు అన్నీ అడుగుతారు.

ఆ దంతెవాడే ఈ మధ్య సేంద్రియ వార్తల్లో ముందు వరసలో ఉంది. 110 గ్రామాల్లో 10,264 మంది రైతుల 65,279 హెక్టార్లకు ఒక్కసారిగా సేంద్రియ గుర్తింపు వచ్చింది. మూడేళ్ళ మార్పిడి కాలంతో పని లేకుండా, ఎప్పటినుంచో రసాయనం తగలని నేల అని లెక్కగట్టి ఇచ్చే విశాల ప్రాంత ధ్రువీకరణ ఇది. అండమాన్ నికోబార్ దీవుల్లో కార్ నికోబార్‌కి, లక్షద్వీప్‌కి ఇలాగే ఇచ్చారు. బస్తరు లాంటి సీమకి సరిపడిన ఆలోచన ఇది, నా మట్టుకు నాకు నచ్చింది. ఇందులో మెలిక ఏమిటంటే ఈ ధ్రువీకరణ నడిచేది వ్యవసాయ శాఖ వారి పీజీఎస్ పద్ధతి కింద. ఊళ్ళో రైతులు ఒకరి చేను ఒకరు చూసి పూచీ పడే పద్ధతి అది, చౌక, పెద్ద చదువు అక్కర్లేదు. దేశంలో అమ్ముకోవడానికి చెల్లుతుంది, ఓడరేవులో చెల్లదు. ఐరోపా, అమెరికా మూడోపక్షం తనిఖీ లేనిదే ఒప్పుకోవు. వాణిజ్య శాఖ పద్ధతి ఒకటి, వ్యవసాయ శాఖ పద్ధతి ఒకటి, రెండింటికీ మధ్య వంతెన లేదు. 65 వేల హెక్టార్లు అని పేపర్లో చదివిన ఎగుమతిదారు ఎగిరి గంతేసి, తర్వాత ఇంకో సంస్థను పిలిచి అదే నేలకి మళ్ళీ సున్నా నుంచి ఫైలు తెరిపించాలి. 2015లో వచ్చిన కేంద్ర సేంద్రియ పథకం పరంపరాగత్ కృషి వికాస్ యోజన డబ్బు కూడా ఎక్కువగా పీజీఎస్ గుంపులకే చేరుతుంది. మన ఆంధ్రలో ప్రకృతి సేద్యం చేసే లక్షల మంది రైతుల పరిస్థితీ ఇంచుమించు ఇదే. చేలో రసాయనం లేదు, చేతిలో ఎగుమతికి పనికొచ్చే కాగితం లేదు.

ఒంటరి రైతు సర్టిఫికెట్ తెచ్చుకోలేడా అంటే, తెచ్చుకోగలడు. కొండగావ్‌లో రాజారామ్ త్రిపాఠీ బ్యాంకు ఉద్యోగం వదిలి మా దంతేశ్వరి హెర్బల్ పేరుతో సఫేద్ ముస్లీ, మిరియాలు సేంద్రియంగా పండించి సర్టిఫికెట్ సంపాదించారు. దానికి భూమి కావాలి, చదువు కావాలి, ఇంగ్లీషులో ఫారాలు నింపే మనిషి కావాలి. రెండెకరాల మారియా గిరిజన రైతుకి ఉన్న దారి గుంపు ఒక్కటే.

గుంపు సర్టిఫికెట్ లెక్క ఇలా ఉండేది. 25 నుంచి 500 మంది రైతులు. లోపలి తనిఖీ వాళ్ళలో వాళ్ళే ఏడాదికి రెండుసార్లు చేసుకోవాలి. బయటి ఇన్‌స్పెక్టరు అందరినీ చూడడు. సభ్యుల సంఖ్యకి వర్గమూలం కట్టి, ముప్పు ఎక్కువనిపిస్తే కొంత పెంచి, అంతమంది పొలాలు చూస్తాడు. అమెరికా కొత్త నియమం ప్రకారం 500 మంది గుంపులో కనీసం 32 మందిని చూడాలి. ఐరోపా వాళ్ళు నూటికి ఐదుగురు అంటారు, అంటే 25 మంది. ఆ ముప్పైరెండు ఇళ్ళలో ఒక్కచోట డైరీ రాయకపోయినా, చెప్పిన చేనుకీ పటంలో చేనుకీ పొంతన కుదరకపోయినా 500 మంది సరుకు ఆగిపోవచ్చు. హల్బీలోనో గోండీలోనో మాట్లాడే ఇంట్లో హిందీలో అచ్చువేసిన డైరీ ఎవరు రాస్తారు? గుంపు నడిపే కుర్రాడే సాయంత్రం ఒకచోట కూర్చుని అందరి డైరీలూ నింపేస్తాడు. ఒకే సిరా, ఒకే చేతిరాత. ఇన్‌స్పెక్టరుకీ అది తెలుసు.

ఇక వీటన్నిటికంటే ముఖ్యమైన ముక్క. ఆ కుర్రాడి జీతం ఎవరిస్తారు? ఇన్నాళ్ళూ చాలాచోట్ల ఎగుమతి కంపెనీయే ఇచ్చేది. ఫీజు కట్టేదీ, ఫైలు దాచేదీ, ట్రేస్‌నెట్ పాస్‌వర్డ్ ఉన్నదీ దాని దగ్గరే. సర్టిఫికెట్ మీద ఉండేది దాని పేరే, రైతులు వెనక జాబితాలో వరస సంఖ్యలు. దాని ఫలితం సూటిగా ఉంటుంది. రైతు ఆ పంటను సేంద్రియం అని చెప్పి ఆ కంపెనీకి తప్ప మరెవరికీ అమ్మలేడు. పక్క వ్యాపారి కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా, అతని దగ్గర అది మామూలు పంటే. చేను రైతుది, చెట్టు రైతుది, దాని మంచితనం మాత్రం కంపెనీది. కంపెనీ ఒక ఏడు కొనడం మానేస్తే మూడేళ్ళ మార్పిడి కాలం చరిత్ర కూడా దాని బీరువాలోనే ఉండిపోతుంది.

ఇందుకు 2025 జనవరి 9న విడుదలైన ఎన్‌పీఓపీ ఎనిమిదో కూర్పు కొంత దిద్దుబాటు తెచ్చింది. రైతు గుంపు ఇక చట్టబద్ధమైన సంస్థగా ఉండాలి, సంఘమో ఉత్పత్తిదారుల కంపెనీయో ఏదో ఒక రూపం ఉండాలి. గుంపు తానే పంట కొనాలి, లేదా అమ్ముడయ్యే దారి చూపాలి. ఐరోపా కొత్త చట్టం కూడా ఇదే కోరుతోంది. గుంపుకి సొంత చట్ట రూపం, ఉమ్మడిగా అమ్ముకునే ఏర్పాటు, సభ్యులు 2,000కు మించకపోవడం, ఒక్కొక్కరి కమతం 5 హెక్టార్లలోపో ఏటా అమ్మకం 25 వేల యూరోలలోపో ఉండటం. ఐరోపా వాళ్ళ చట్టం వాళ్ళ వినియోగదారుడి కోసం పుట్టింది, బస్తరు రైతు మీద ప్రేమతో కాదు. అయినా దాని వల్ల కంపెనీ బీరువాలో ఉన్న ఫైలు ఊరి సంఘానికి బదిలీ కావాల్సి వస్తే నష్టమేముంది?

అలా ఊరి సంఘం పేరున కాగితం ఉంటే ఏమవుతుందో మనకి దగ్గరలోనే ఉదాహరణ ఉంది. అరకులో గిరిజన కాఫీ రైతులు 2007లో నాంది ఫౌండేషన్ అండతో పరస్పర సహాయక సహకార సంఘం పెట్టుకున్నారు. సేంద్రియ గుర్తింపూ, న్యాయ వాణిజ్య గుర్తింపూ ఆ సంఘానికి ఉన్నాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. అక్కడ గెలిచింది గింజ రుచి ఒక్కటే అనుకుంటే పొరపాటు, గింజ వెనక ఎవరి చేనో చెప్పగలిగే రికార్డు కూడా గెలిచింది. దర్భా కొండల్లో ఇప్పుడు జగదల్పూర్ ఉద్యాన కళాశాల వాళ్ళు మొదలుపెట్టిన కాఫీ పెరుగుతోంది. అరకు నుంచి నేర్చుకోవాల్సింది మొక్క నాటే పద్ధతి కంటే ఈ రికార్డు రాసే పద్ధతే.

దిగుమతి మాట కూడా క్లుప్తంగా. 2017లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం, మనతో సమానత్వ ఒప్పందం ఉన్న దేశం నుంచి వచ్చిన సరుకుకి ఇక్కడ మళ్ళీ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఒప్పందం ప్రకారం లావాదేవీ సర్టిఫికెట్ వెంట ఉండాలి. 2024 జులైలో తైవాన్‌తో, 2025లో ఆస్ట్రేలియాతో ఇలాంటి పరస్పర గుర్తింపు కుదిరింది. ఈ రెండు దేశాలకు మన ఎన్‌పీఓపీ కాగితం ఒక్కటీ చాలు, రెండో సంస్థకి ఫీజు కట్టే పని లేదు. మన రేవుల్లో మరో తమాషా ఉంది. పప్పుల వంటి దిగుమతులకు మన మొక్కల క్వారంటైన్ నిబంధనలు మిథైల్ బ్రోమైడ్ పొగ కోరుతూ వచ్చాయి. సేంద్రియ నియమావళి ఆ పొగను ఒప్పుకోదు. ఒక శాఖ ఆజ్ఞ పాటిస్తే ఇంకో శాఖ ముద్ర పోతుంది. ఎగుమతిలోనూ ఇదే ప్రమాదం. ఊరి నుంచి విశాఖ దాకా కాపాడుకుంటూ వచ్చిన సరుకుకి చివరి గోదాములో అలవాటు కొద్దీ పొగ పెడితే అంతా వృథా.

బస్తరులో చింతపండు మీద పోరాటం కొత్తది కాదు. ఒకప్పుడు ఉప్పిచ్చి సారపప్పు పట్టుకుపోయిన వ్యాపారుల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1999 ప్రాంతంలో అప్పటి కలెక్టర్ ప్రవీర్ కృష్ణ హయాంలో ఊరి కమిటీలే చింతపండు కొనే ఇమ్లీ ఆందోళన్ నడిచింది. ఆయనే తర్వాత గిరిజన ఉత్పత్తుల మార్కెటింగ్ సంస్థ ట్రైఫెడ్‌కి అధిపతి అయ్యారు. అటవీ ఉత్పత్తులను ఏరేవాళ్ళే శుద్ధి చేసి అమ్ముకునే వన్ ధన్ కేంద్రాల పథకాన్ని 2018 ఏప్రిల్ 14న ప్రధాని మొదలుపెట్టింది కూడా బస్తరు డివిజన్‌లోని బీజాపూర్‌లోనే. గింజ తీసిన ఫూల్ ఇమ్లీ ఇప్పుడు ఆడవాళ్ళ సంఘాలే అచ్చులు కట్టి అమ్ముతున్నాయి. ఇవన్నీ ధర గురించి జరిగిన ప్రయత్నాలు. 2020లో కేంద్రం గింజ చింతపండుకి కట్టిన మద్దతు ధర కిలోకి 36 రూపాయలు. ఆ ధర రసాయనం తగిలిన పండుకీ తగలని పండుకీ ఒక్కటే.

గంప బోర్లించకుండా ఆపడం సాధ్యమా, ఈ అడవుల్లో ఇంటింటి లెక్క ఎవరు రాస్తారు అని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళని ఏప్రిల్, మే నెలల్లో ఏదో ఒక తునికాకు కల్లానికి తీసుకెళ్ళాలి. సరిహద్దుకి ఇవతల మనం కల్లం అంటాం, వాళ్ళు ఫడ్ అంటారు. అడవి నుంచి వచ్చిన ఆడవాళ్ళు యాభై ఆకుల కట్టలు వరసలుగా పేరుస్తారు. లెక్కలు రాసే ఫడ్ ముంషీ వరస వెంట నడుస్తూ లెక్క పెడతాడు. వెయ్యి కట్టలైతే ఒక ప్రమాణ బస్తా, 2024 నుంచి దానికి 5,500 రూపాయలు. ప్రతి ఇంటికీ ఒక కార్డు ఉంటుంది. ఏ రోజు ఎన్ని కట్టలు వేశారో అందులో ఎక్కుతుంది, సంఘం రిజిస్టరులోనూ ఎక్కుతుంది. ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వం తన గుప్పిట్లోకి తీసుకున్న 1964 చట్టం నాటి నుంచి, అప్పట్లో ఇది మధ్యప్రదేశ్, ఏ ఆకు ఎక్కడిదో ఈ అడవుల్లో లెక్క ఉంటూనే వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో తొమ్మిది వందలకు పైగా ఉన్న ప్రాథమిక అటవీ ఉత్పత్తుల సహకార సంఘాలు ఆ పనే చేస్తున్నాయి. అవి చట్టబద్ధమైన సంస్థలే, ఏరేవాళ్ళే సభ్యులు. ఐరోపా అడిగేదీ, ఎనిమిదో కూర్పు అడిగేదీ ఆ రూపమే. కార్డులో తునికాకు గడి పక్కన చింతపండుకో గడి, ఇప్పపువ్వుకో గడి గీయాలి. ఇప్పటికైతే కల్లం ఎత్తేసిన మర్నాడు ముంషీ ఆ రిజిస్టరు బీరువాలో పెట్టేస్తాడు, మళ్ళీ మరుసటి ఏప్రిల్ దాకా తెరవడు.